పార్సిప్పనీలో జపాను పెళ్లి ఫోటో

బిందుమాధవికి ఆఫీసులో రెండు పనులు. ఒకటి జీతం ఇచ్చే పని, రెండోది ఇష్టమైన పని. జీతం ఇచ్చే పని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. రిపోర్టులు వస్తాయి, సరిచూస్తుంది, పంపిస్తుంది. ఇష్టమైన పని నెలకోసారి. కొత్తగా చేరినవాళ్లని ఒక గదిలో కూర్చోబెట్టి, తమ కంపెనీ ఎక్కడ పుట్టింది, ఎవరికి ఎవరు ఏమవుతారు అన్నది చెప్పడం. ఆ రోజు ఆవిడ మంచి చీర కట్టుకుంటుంది. అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్లోని ఆ ఆఫీసుకి చీరలో వచ్చే మనిషి ఆవిడొక్కతే, అదీ ఆ ఒక్క రోజే.

ఆ జపాను కంపెనీ పేరు హమానో కుసునోకి ఫైనాన్షియల్ గ్రూప్. పేరు విని హడలిపోనక్కర్లేదు. బిందుమాధవి కూడా చేరిన కొత్తలో హడలిపోయింది. బ్యాంకు ఒకటి, ట్రస్టు బ్యాంకు ఒకటి, షేర్ల కంపెనీ ఒకటి, లీజింగ్ ఒకటి, క్రెడిట్ కార్డులది మరొకటి, వీటన్నిటి నెత్తిన ఇంకో కంపెనీ. గీతలూ గడులూ ఉన్న ఆ పటాన్ని ఎన్నిసార్లు చూసినా ఆవిడ బుర్రకెక్కలేదు. చివరికి వాళ్ల నాన్న రాజారావు గుర్తొచ్చాక ఎక్కింది.

రాజారావుకి తణుకులో ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లలో గ్రూప్ ఫోటో తీయాలంటే ఆయనే తీయాలి. తీయడంలో ఏముంది, ఎవరైనా తీస్తారు. ఆయన గొప్పంతా నిలబెట్టడంలో ఉండేది. ఎవరు కుర్చీలో కూర్చోవాలి, ఎవరు వెనక నిలబడాలి, ఏ ఇద్దర్ని పక్కపక్కన పెడితే కొంప మునుగుతుంది, అన్నీ ఒక్క చూపులో కనిపెట్టేవాడు. అలిగినవాణ్ణి చివర నిలబెట్టకూడదనీ, పెద్దావిడ కుర్చీ పక్కనే నిలబెట్టాలనీ అనేవాడు. అక్కడ నిలబడ్డాక ఎవడూ మూతి ముడుచుకోలేడట.

బిందుమాధవి ఆ పటాన్ని పక్కన పడేసి పెళ్లి ఫోటో మొదలుపెట్టింది. కొత్తవాళ్లు తలా ఒక కంపెనీ. నడుమ కుర్చీలో నాయనమ్మ, అంటే హోల్డింగ్ కంపెనీ. ఆవిడ స్వయంగా ఏ వ్యాపారమూ చేయదు. పిల్లలు సంపాదించి తెచ్చి ఒళ్లో పోస్తారు, ఎవరికెంత ఇవ్వాలో, ఎవరు ఏ వ్యాపారం పెట్టాలో ఆవిడ చెబుతుంది. వెనక వరుసలో సంపాదనపరులైన పిల్లలు. ముందు, పరాయి దేశంలో పెరుగుతున్న మనవరాలు, అంటే ఈ పార్సిప్పనీ కంపెనీ.

ఇక వంశచరిత్ర. కుసునోకి వారు ఒసాకాలో బియ్యం వర్తకులు, హమానో వారు కోబే రేవులో ఓడల సరుకు చూసుకునేవాళ్లు. రెండు ఇళ్లూ క్రమంగా బ్యాంకులు పెట్టాయి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా వాళ్లు వచ్చి, ఇలా నెత్తిన కూర్చుని పెత్తనం చేసే నాయనమ్మలు జపానులో ఉండడానికి వీల్లేదని తీసేయించారు. అర్ధ శతాబ్దం తర్వాత ఆ నిషేధం పోయింది. అప్పటికి మొండి బాకీలతో రెండు బ్యాంకులకీ నడుములు వంగిపోయాయి. ఒకదాన్నొకటి పట్టుకుంటే తప్ప నిలబడలేమని తేలి పెళ్లి చేసుకున్నాయి. శుభలేఖలో ఎవరి పేరు ముందు వేయాలన్న గొడవ మనకి కొత్త కాదు. వాళ్లు మాత్రం జపాను భాషలో కుసునోకి పేరు ముందు, ఇంగ్లీషులో హమానో పేరు ముందు వేసి గొడవ తప్పించుకున్నారు. తమాషా ఏమిటంటే, అక్కడ నాయనమ్మల్ని తీసేయించిన అమెరికాయే, ఇక్కడ వ్యాపారం చేసే పెద్ద పరాయి బ్యాంకులు ఈ గడ్డ మీద ఒక పెద్ద దిక్కుని, అంటే మరో నాయనమ్మని, పెట్టుకోవాలని తర్వాత చట్టం చేసింది. ఈ మాట దగ్గర అమెరికన్లు కూడా పగలబడి నవ్వుతారు.

అంతా బాగానే ఉండగా హెచ్చార్ చూసే లారెన్ ఒక చిన్న వీడియో చేయించింది. లారెన్ మంచిదే. వీడియో కూడా మంచిదే, సంగీతం కూడా పెట్టారు. ఇకమీదట అన్ని ఆఫీసుల్లోనూ అదే చూపిద్దామని ఆవిడ ఆలోచన. టోక్యో నుంచి కువబారా అనే పెద్దాయన వస్తున్నాడు, వీడియో చూస్తాడు, బిందుమాధవి క్లాసులోనూ కూర్చుంటాడు, ఏది ఉంచాలో చెబుతాడు. బిందుమాధవికి ఉద్యోగం పోదు, జీతం తగ్గదు. అయినా ఆ వారం ఆవిడకి అన్నం సయించలేదు.

"క్లాస్ క్యాన్సిల్ చేస్తే నేను ఆ ఆఫీస్‌లో ఎవరికీ కనపడను, జగన్" అంది మొగుడితో.

జగన్మోహన్ కంగారుపడే మనిషి కాడు. భార్య హెచ్ వన్ ఉద్యోగ వీసా మీద వస్తే ఆవిడ వెనకాల డిపెండెంట్ వీసా మీద వచ్చినవాడు. ఉద్యోగం చేయడానికి వీల్లేని ఆ తొలి రోజుల్లో పులిహోర కలపడం నేర్చుకుని, పార్సిప్పనీ పార్టీలన్నిటికీ తనే చేసి తీసుకెళ్లాడు. స్నేహితులు ఇల్లరికపు అల్లుడని ఏడిపించబోతే, వాళ్ల కంటే ముందు తనే అలా పరిచయం చేసుకునేవాడు. అలాంటి మనిషిని ఏడిపించడం ఎవరి తరం? ఆ రాత్రే ఆవిడ ఆకుపచ్చ చీర ఇస్త్రీ చేసి పెట్టాడు.

క్లాసు జోరుగా సాగింది. కొత్తగా చేరినవాళ్లలో, ఈ దేశంలోనే ఎడిసన్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి దేదీప్య మనవరాలైంది. "ఎక్కడ స్టాండ్ చేయాలి, ఆంటీ?" అని అందరి ముందూ తెలుగులో అనేసి నాలుక కరుచుకుంది. కుర్చీకి మనిషి తక్కువైతే బిందుమాధవి లారెన్ని లాక్కొచ్చి నాయనమ్మని చేసింది. కువబారా గారు వెనక కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు, నవ్వీ నవ్వనట్టుగా. బిందుమాధవికి ఊపొచ్చింది.

ఎప్పటిలాగే చెప్పుకుపోయింది. టోక్యోలో పేరు ముందున్నది కుసునోకి కాబట్టి వాళ్లు మగపెళ్లివారు. హమానో వారు ఆడపెళ్లివారు. తమ వైపు పెళ్లిళ్లలో మగపెళ్లివారు కాఫీ చల్లారిందన్నా చెల్లుతుందనీ, ఆడపెళ్లివారు చేతులు కట్టుకుని నిలబడాలనీ చెప్పి, హమానో బ్యాంకుగా నిలబడ్డ కుర్రాడి చేత చేతులు కట్టించింది. అందరూ నవ్వారు. కువబారా గారు చెయ్యెత్తాడు.

"నేను మొదట హమానో బ్యాంకులో చేరినవాణ్ణండీ" అన్నాడు మెల్లగా.

 బ్యాంకుల పెళ్లయి ఇన్నేళ్లయినా ఎవరు ఏ గుమ్మంలోంచి లోపలికొచ్చారో టోక్యోలో ఇప్పటికీ మరచిపోరు. ఈసారి ఒక పెద్ద పదవి అటువాళ్లదైతే వచ్చేసారి ఇటువాళ్లది. ఇది బిందుమాధవి తన క్లాసులో తనే చెప్పే మాట. పెళ్లి పందిట్లో అడుగుపెట్టగానే ఎవరైనా అడిగే మొదటి మాట, మీరు ఆడపెళ్లివారా మగపెళ్లివారా అని. పెళ్లి ఫోటో పాఠం చెప్పే మనిషి ఆ ఒక్కమాట అడగడం మరిచిపోయింది.  ఇక వీడియో ఖాయం అనుకుంది.

అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. తిన్నగా వెళ్లి కువబారా గారిని లేపి తీసుకొచ్చి, లారెన్ కుర్చీ పక్కన నిలబెట్టింది.

"తప్పు నాది. మీరు ఏ వైపువారో ముందే అడగాల్సింది" అంది. "కానీ ఒక మాట వినండి. నా భర్త నా వీసా మీద, నా వెంట ఈ దేశం వచ్చాడు. మా భాషలో ఇల్లరికపు అల్లుడంటాం. మా ఇంట్లో ఆడపెళ్లివారు ఒక్కరోజు కూడా చేతులు కట్టుకోలేదు."

ఇల్లరికమంటే ఏమిటో విడమరిచి చెప్పమన్నాడు ఆయన. మగపిల్లలు లేని ఇంటికి అల్లుడు వచ్చి ఉండిపోవడమని ఆవిడ చెప్పింది.  కువబారా గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు. ఒకప్పుడు హమానో ఇంట్లో మగపిల్లలు లేకపోతే, కొట్లో గుమాస్తాకి కూతుర్నిచ్చి, ఇంటిపేరు కూడా ఇచ్చి, లోపలికి తెచ్చుకున్నారట. బ్యాంకు పెట్టినవాడు ఆ అల్లుడేనట.

"ఆయన పుట్టింటి పేరు మాలో ఎవరికీ తెలియదు. ఇవాళ మనందరి జీతం కాగితం మీద ఉన్నది ఆయన అత్తవారి పేరు" అన్నాడు. అని, చేతులు కట్టుకున్న కుర్రాడి దగ్గరికి వెళ్లి చేతులు తనే విప్పేసి, తిరిగొచ్చి నాయనమ్మ పక్కన బుద్ధిగా నిలబడ్డాడు.

అక్కణ్ణించి కిందికి వంగి లారెన్ని అడిగాడు. "మీ వీడియో చాలా బాగుంది. అందులో నన్ను ఎక్కడ నిలబెడతారు?"

నాయనమ్మ కుర్చీలో కూర్చున్న లారెన్ పైకి చూసి, నవ్వేసి, ఓడిపోయానన్నట్టు రెండు చేతులూ ఎత్తింది. దేదీప్య ఫోన్‌కి టైమర్ పెట్టి పరిగెత్తుకొచ్చి ముందు వరుసలో కూర్చుంది. ఫోటోలో లారెన్ చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. బిందుమాధవి సంతోషం పట్టలేక కళ్లు మూసేసుకుంది.

కొన్నాళ్లకి టోక్యో నుంచి ఈమెయిల్‌లో ఉత్తరం వచ్చింది. పార్సిప్పనీ క్లాసు అలాగే సాగాలి. అంతేకాదు, వసంతంలో బిందుమాధవి గారు టోక్యోకి వచ్చి, కుసునోకి వారినీ హమానో వారినీ ఒక గదిలో పెట్టి ఫోటో తీయించాలి. ఇంటి నుంచి ఒకరిని వెంట తెచ్చుకోవచ్చు.

జగన్మోహన్ పులిహోర కలుపుతున్న చెయ్యి ఆపి ఫోన్‌లో ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. ఆకుపచ్చ చీర సూట్‌కేసులో ముందు పెట్టమన్నాడు.

"ఈసారి కూడా డిపెండెంట్‌ని నేనే" అన్నాడు, మహా గర్వంగా.