హారతి రికార్డింగులో అమ్మ గొంతు

వీరదుర్గకు హారతి మీద అసూయ ఆమె ట్యాబ్‌తోనే మొదలైంది. ఇద్దరూ రాజమండ్రిలో ఒకే గైడ్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నారు. హారతిది మండపేట, వరి పండించే కుటుంబం. వీరదుర్గది నరసాపురం అవతల, సముద్రపు ఒడ్డున చేపలు పట్టే ఇల్లు. సంతల్లో సరుకు అమ్ముకునే ఆడవాళ్ళ గురించి హారతి రాస్తోంది, చేపల వ్యాపారం గురించి వీరదుర్గ.

వీరదుర్గ చేత్తో రాసుకున్న నోట్సులో ఒక్క మాట వెతకాలంటే పొద్దు గడిచిపోయేది. హారతి ట్యాబ్‌లో రెండక్షరాలు కొడితే చాలు, ఎప్పుడో చదివిన పేజీ కూడా తెరుచుకునేది. "చూసి నేర్చుకోమ్మా" అని గైడ్ చంద్రరావు గారు అందరి ముందూ అన్న రోజు వీరదుర్గకు అన్నం సయించలేదు. హారతి వాడే యాప్‌లే తన పాత ఫోన్‌లో వేసుకుంది. తెరిచినప్పుడల్లా ఫోన్ ఆగిపోయేది. నేర్పిస్తానని హారతి వస్తే తలనొప్పి అని తప్పించుకుంది.

ఒకరోజు హారతి ఒక లింకు పంపింది. "మీ ఊరు వెళ్ళొచ్చాను దుర్గా. అక్కడి ఆడవాళ్ళ రికార్డింగులు యాప్‌లో వేస్తే అదే రాసిపెట్టింది గానీ మీవాళ్ళ మాటలు దానికి అంతుబట్టలేదు. కాస్త దిద్దిపెట్టవా?"

ఎవరో చేపలమ్మే ఆమె చందువలు అమ్మానంటే, యాప్ చదువులు అమ్మానని రాసింది. నెత్తళ్ళనే చిన్నచేపలు నెత్తురైపోయాయి. హారతి యాప్ తప్పులు చేసిందన్న సంతోషంతో వీరదుర్గ చకచకా దిద్దుకుపోయింది. ఒక ఫైలు తెరిచేసరికి పైన సుబ్బాయమ్మ అని ఉంది. తన తల్లి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినసాగింది.

"పాలకొల్లులో సరుకు అమ్మేసి, మా పిల్లని చూద్దామని రాజమండ్రి బస్సెక్కానమ్మా. హాస్టల్ గేటు దాకా వెళ్ళాను. ఒంటినిండా చేపల వాసన. తోటిపిల్లల ముందు దానికి నామోషీ అని పిలవకుండానే వచ్చేశాను."

"తర్వాతేం చేశారు పిన్నిగారూ?" హారతి గొంతు.

ఆ 'పిన్నిగారూ' దగ్గర వీరదుర్గ ఇయర్‌ఫోన్లు పీకేసింది.

ఆదివారం ఇంటికి వెళ్ళి తల్లిని నిలదీసింది. "హాస్టల్ దాకా వచ్చిన సంగతి ఎవరికో చెప్పావు. నాకెందుకు చెప్పలేదు?"

సుబ్బాయమ్మ చేప తోముతూ తలెత్తలేదు. "ఆ పాప ఎదురుగా కూర్చుని అడిగింది, చెప్పాను. నువ్వొస్తే చేప ధరెంత, బుట్ట బరువెంత అంటావు. అదీ చెప్పాను కదే."

"ఇప్పుడు అడుగుతున్నాను." వీరదుర్గ ఫోన్‌లో రికార్డింగు ఆన్ చేసి ముందు పెట్టింది.

సుబ్బాయమ్మ దానివంక చూసి, చీర సర్దుకుని, బడిపిల్లలా పేరూ ఊరూ చెప్పి ఊరుకుంది.

హారతితో పోట్లాటకు సిద్ధపడే తిరిగొచ్చింది వీరదుర్గ. "మా అమ్మ మాటలు తీసెయ్" అంది.

హారతి ముఖం చిన్నబోయింది. "ముందే నిన్ను అడగాల్సింది. తీసేస్తాను. నీ పరిశోధనకే వాడుకో."

అలా దానం చేసినట్టు ఇవ్వడం ఇంకా మండించింది. "అక్కర్లేదు, ఉంచుకో" అని, ఆ ఫైలు కూడా దిద్ది పంపేసింది.

సెమినార్‌లో హారతి సుబ్బాయమ్మ మాటలు చదివింది. ఇవి దిద్దింది దుర్గే అని చెబితే అందరూ ఇటు తిరిగి చప్పట్లు కొట్టారు. వీరదుర్గ నవ్వింది. అమ్మని ఆ ప్రశ్న తను అడగాల్సిందన్న కుళ్ళు మాత్రం లోపల అలాగే ఉంది.

తర్వాత ఇంటికి వెళ్ళినప్పుడు ఫోన్ బ్యాగులోంచి తియ్యలేదు. అమ్మ పక్కన కూర్చుని రొయ్యలు వలిచింది. సుబ్బాయమ్మ ఆ హాస్టల్ సంగతి ఎత్తనేలేదు. హారతి పాప బాగుందా అని మాత్రం రెండుసార్లు అడిగింది.