ట్రేసర్ గారి ఊళ్ల ఆట

మా ట్రేసర్ గారు పోయారు. ఆ కబురు సూర్యాపేటకు ఉత్తరంలో రాలేదు, మనిషే మోసుకొచ్చాడు. మధ్యాహ్నం ఆఫీసు వరండాలో టిఫిన్ డబ్బా మూత తీస్తుంటే, ఒకప్పుడు మిర్యాలగూడలో నాతో పనిచేసిన లష్కర్ వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. నవ్వకుండా ఆ మనిషి నా ముందు నిలబడడం అదే మొదటిసారి.

"ట్రేసర్ సారు లేడమ్మా. మొన్న తెల్లారంగ పానం పోయింది," అన్నాడు. "నీకు జెప్పమని ఎవలూ అనలే. నాకే మనసు ఆగలే. మట్టికి పోయి, కోదాడల బస్సెక్కి సీదా నీ కాడికే వచ్చిన."

మూత మళ్లీ పెట్టేశాను. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి తొమ్మిదేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. రేపు చెబుదాం, వచ్చే ఎండాకాలం చెబుదాం అని వాయిదాలు వేసుకుంటూ వచ్చాను. ఇప్పుడు వినడానికి ఆయన లేరు కనుక మీకు చెబుతున్నాను.

ట్రేసర్ అంటే పటాలకు నకలు గీసే ఉద్యోగి. ఇంజనీర్లు గీసిన పటం మీద పల్చటి ట్రేసింగ్ బట్ట పరిచి, కింద కనబడే ప్రతి గీతనూ సిరాతో మళ్లీ గీస్తాడు. లష్కర్ కాలువ గట్ల మీద తిరుగుతూ తూములు ఎత్తి దించుతాడు. నేను టైపిస్టును. ఎనభైల్లో మిర్యాలగూడలోని ఒక కాలువల ఆఫీసులో మేం ముగ్గురం ఒకే వరండాలో అన్నం తినేవాళ్లం. ఆయనది కోదాడ వైపు కావడంతో మాటలో కృష్ణాజిల్లా వాసన కొంచెం తగిలేది. నేను సూర్యాపేట మనిషిని. లష్కర్ పక్క తండా నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. మా యాసల మీద మేమే నవ్వుకునేవాళ్లం.

ట్రేసింగ్ బట్టకు సిరా పట్టాలంటే ముందు పౌడర్ రుద్దాలి. ఆఫీసు ఇచ్చే సుద్దపొడి గరుకని ఆయన సొంతంగా ముఖం పౌడర్ డబ్బా తెచ్చుకునేవారు. సాయంత్రానికి మోచేతుల దాకా ఘుమఘుమలాడుతుంటే, "ఏం సార్, ఇయ్యాల గూడ పెండ్లిచూపులేనా?" అని ఏడిపించేదాన్ని. "పిల్ల తరఫు వాళ్లు ఇంకా కబురు పెట్టలేదమ్మాయ్," అనేవారు తలెత్తకుండా. అప్పటికే ఆయనకు ఇద్దరు మనవరాళ్లు.

కొట్టేసిన పాత పటాలను అడిగి ఇంటికి తీసుకెళ్లేవారు. వేడినీళ్లలో నానబెట్టి ఉతికితే బట్టకు పట్టించిన గంజీ, సిరా వదిలిపోయి మెత్తటి నూలుగుడ్డ మిగిలేది. దాన్ని రుమాళ్లుగా కుట్టించి ఆఫీసులో పంచేవారు. నాకొకటి ఇస్తూ, "జాగ్రత్తమ్మాయ్, నువ్వు ముక్కు తుడుచుకునే చోట ఒకప్పుడు మూడు ఊళ్లుండేవి," అన్నారు. ఆ రుమాలుతో ముక్కు తుడుచుకోవడానికి నాకు వారం రోజులు చేయి రాలేదు.

ఊళ్ల ఆట శుభలేఖల్లోంచి పుట్టింది. పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే ఆఫీసుకు అవి గుట్టలుగా వచ్చేవి. అట్ట గట్టిది, వెనకంతా ఖాళీ. ఆయన ఒకరోజు వాటిని రెండంగుళాల చదరాలుగా కోసి, వెనకవైపు పటం ముక్కలు గీయడం మొదలుపెట్టారు. ఒక బిళ్ల మీద వంపు తిరిగిన కాలువ, ఒకదాని మీద బండ్లబాట, ఇంకోదాని మీద చెరువు, గుట్ట, నాలుగిళ్ల ఊరు, ఏ గీతా లేని ఉత్త చెలక, అంటే ఖాళీ మెట్టనేల. తిరగేస్తే ఎవరి పెళ్లిదో సగం పేరు, మూలన పసుపు. బిళ్లలన్నీ ఒక బిస్కట్ డబ్బాలో వేసేవారు. రెండు స్టూళ్ల మీద పాత బీరువా తలుపు పరిచి ముగ్గురం చుట్టూ కూర్చునేవాళ్లం. చూడకుండా ఒక బిళ్ల తీయాలి. బాటకు బాట, నీళ్లకు నీళ్లు కలిసేలా పక్కన పెట్టాలి.

"గెలుపు ఎవలది సార్?" అని మొదటిరోజే అడిగాను.

"ఎవరిదీ కాదు. పటం పెరుగుతుంది, చూస్తాం."

"గంతేనా?"

"అంతేనమ్మాయ్. పొద్దుటి నుంచి మనల్ని ఎవరో ఒకరు ఓడిస్తూనే ఉన్నారుగా. ఈ గంటైనా వద్దు."

అలాగని ఆట వెంటనే కుదిరిందేమీ కాదు. మొదటి విడత బిళ్లల్లో కాలువలు మరీ ఎక్కువయ్యాయి. "గిన్ని కాలువలుంటే ఊర్లెక్కడ కడతం సార్, చేపల్నే పెంచాలె," అన్నాడు లష్కర్. సగం పక్కన పెట్టారు. తర్వాత లష్కర్‌కు ఇంకో పట్టింపు వచ్చింది. "గుట్ట పక్కపొంటి కాలువ పెట్టినవ్, నీళ్లు మిట్టకెక్కుతయా?" అని నన్ను నిలదీశాడు. సరే అని ఆయన ప్రతి కాలువ బిళ్ల మీదా పల్లం ఎటో బాణం గుర్తు వేశారు. ఇక చూడండి, అన్నం గంట కాస్తా ఇంజనీర్ల మీటింగ్ అయిపోయింది. ఒకనాడు నేనూ లష్కరూ వాదించుకుని ఎడమొహం పెడమొహంగా తిన్నాం. ఆ సాయంత్రమే ఆయన బ్లేడు తీసుకుని బాణాలన్నీ గీకేశారు. "పల్లం చూసే పని పగలంతా ఉండనే ఉంది. ఇక్కడైనా నీళ్లను ఎటు పోతే అటు పోనిద్దాం," అన్నారు.

ఆ తర్వాత ఉత్త చెలక బిళ్లలు పెంచుతూ పోయారు. నాకు నచ్చలేదు. ఏమీ లేని బిళ్ల చేతికొస్తే ఏం మజా అని గొణిగాను. "పదింట్లో ఆరు చెలకే ఉండాలమ్మాయ్. ఏమీ లేని చోటే కంటికి నిమ్మళం," అన్నారు. నిజంగానే ఆ మార్పుతో ఆట కుదురుకుంది. చెలక బిళ్ల వస్తే ఆలోచించే పని లేదు, ఎక్కడో ఒకచోట పెట్టి గాలి పీల్చుకోవచ్చు. పొద్దున అధికారి విసిరికొట్టిన కాగితాలు, ఇంట్లో అత్తగారి మూతివిరుపులు నాలుగు బిళ్లలు పెట్టేసరికి ఎటో పోయేవి. ఆ వరండా గంట కోసమే నేను ఆఫీసుకు వెళ్లిన రోజులున్నాయి. ఇప్పటికీ మధ్యాహ్నం ఒంటిగంటకు నా చేయి ఖాళీగా అనిపిస్తుంది.

ఊరి బిళ్ల పెట్టినవాళ్లు దానికో పేరు చెప్పాలి. లష్కర్ తన తండా పేరు చెప్పేవాడు. నేను మా అమ్మమ్మ ఊరు పేరు చెప్పేదాన్ని. ఆయన మాత్రం ఏ పేరూ చెప్పకుండా, "మంచి చాయ్ దొరికే ఊరు," అనో, "కుక్కలు మొరగని ఊరు," అనో దాటేసేవారు.

ఆయన గీయని బిళ్ల ఒక్కటే, కాలువ ఆగిపోయే బిళ్ల. అందుకని ఆట ఏనాడూ ముగిసేది కాదు. కాలువ బీరువా తలుపు అంచుదాకా పోయేది, ఈలోగా గంట కొట్టేది, అన్నీ తీసి డబ్బాలో వేసేవాళ్లం. నాకు అది గొంతులో ముల్లులా ఉండేది. టైపు కొట్టే మనిషిని, వాక్యం అయ్యాక చుక్క పడకపోతే నాకు నిద్ర పట్టదు. "ఆట అన్నంక ఆఖరు ఉండాలె గద సార్?" అని ఎన్నిసార్లు అడిగానో. "ఉండాలా?" అని పౌడర్ చేతులు దులుపుకునేవారు.

ఆయన తన తండ్రి సంవత్సరీకానికి మూడురోజులు సెలవు పెట్టారు. నాకు తెలివి ఎక్కువై ఆ లోటు నేనే తీర్చేద్దామనుకున్నాను. మా చెల్లెలి శుభలేఖ కోసి, ఆయన పెన్నుతోనే రెండు బిళ్లలు గీశాను. కాలువ సగం దాకా వచ్చి, చిన్న అడ్డగీతతో ఆగిపోతుంది. ఆయన చూసి మెచ్చుకుంటారని డబ్బాలో కలిపేశాను.

నాలుగోరోజు ఆయన వచ్చారు. ఆట మొదలైన కాసేపటికి ఆయనకు ఊరి బిళ్ల వచ్చింది. దాన్ని కుడివైపు చివరన పెట్టి, ఎన్నడూ లేనిది, తన సొంతూరి పేరు చెప్పారు. నడిగూడెం వైపు లోపలెక్కడో ఉన్న ఆ ఊరు నాకు వినడమే తప్ప తెలియదు. కాలువ దానికి రెండు బిళ్లల దూరంలో ఉంది. లష్కర్ ఒక వంపు పెట్టాడు. ఇక ఒక్క బిళ్ల దూరం. నా వంతు వచ్చింది. డబ్బాలో చేయి పెడితే నేను గీసిన బిళ్లే తగిలింది. సంతోషం పట్టలేక అక్కడ పెట్టేసి చప్పట్లు కొట్టాను.

"అయిపోయింది సార్! ఆట ఖతం!"

ఆయన ఆ బిళ్లను వేలితో తాకి చూశారు. "గీత సమంగా వచ్చిందమ్మాయ్. చెయ్యి బాగా కుదిరింది," అన్నారు. ఒక్కో బిళ్లా తీసి డబ్బాలో వేసి, గంట కొట్టకముందే లేచి వెళ్లిపోయారు.

సాయంత్రం సైకిల్ తోసుకుంటూ లష్కర్ నా పక్కన నడిచాడు. "ఎంత పని జేస్తివమ్మా," అన్నాడు. "ఆ ఊరి కాలువ పటం గీసింది సారే. నీలం గీత ఊరి దాంక ఉంటది. నీళ్లు మాత్రం ఒక్కనాడు పోలే. పైనోళ్లందరు వాడుకున్నంక కొసకు ఏం మిగుల్తది? వాళ్ల నాయన సచ్చేదాంక అదే అడిగిండట. 'నువ్వే గీసినవ్ గద కొడుకా, నీళ్లేవి?' అని."

తెల్లారి ఆయన బల్ల దగ్గరికి వెళ్లి, "సార్, నిన్న..." అన్నాను. "ఆటేగదమ్మాయ్," అని పెన్ను సిరాలో ముంచారు. అంతే, ఆ తర్వాత డబ్బా బయటికి రాలేదు. కోపంగా ఉన్నారా అంటే అదీ లేదు. ఎప్పటిలాగే నా అన్నం డబ్బాలో గోంగూర పచ్చడి వేసేవారు, యాస మీద జోకులు వేసేవారు. తిట్టి ఉంటే కాళ్లు పట్టుకునేదాన్ని. ఆ మంచితనం ముందు నాకు నోరు పెగల్లేదు. కొన్ని నెలలకు నాకు సూర్యాపేట బదిలీ అయింది.

నాలుగేళ్ల కింద కోదాడ బస్టాండులో కనిపించారు. రిటైరై ఊళ్లోనే ఉంటున్నారు. చేతిలో కంది విత్తనాల సంచి ఉంది, ఒంటికి పౌడర్ వాసన లేదు. నీళ్లు వచ్చాయా సార్ అని అడగాలి, తప్పయిపోయిందని చెప్పాలి. రెండూ వదిలేసి మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడాను. నా బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "ఒకసారి ఊరికి రామ్మా, ఆడుకుందాం," అన్నారు.

"ఎండకాలం సెలవులల్ల తప్పకుండ వస్త సార్," అన్నాను. నాలుగు ఎండాకాలాలు పోయాయి. సూర్యాపేట నుంచి కోదాడ ఎంత దూరమని. పిలిచిన మనిషి దగ్గరికి వెళ్లలేని సిగ్గు ఏం సిగ్గో నాకే అర్థం కాదు.

పదకొండోరోజున లష్కర్‌తో కలిసి ఆ ఊరికి వెళ్లాను. కోదాడలో బస్సు దిగి, ఆటోలో కొంతదూరం పోయాక రోడ్డు అయిపోయింది. "గీ కాలువల పడి పోదాం పదమ్మా, దగ్గర," అని లష్కర్ లోపలికి దిగాడు. గట్టు మీద మనిషి కనబడితేనే అరిచే లష్కర్, తనే దిగి నాకు చేయి అందించాడు. పైన మిర్యాలగూడ వైపు ఆ రోజుల్లో కాలువలు నిండా పారుతున్నాయి. ఇక్కడ అడుగున బండి చక్రాల గాడులు పడి, గొర్రెల పెంటికలు ఎండి ఉన్నాయి. ఊరివాళ్లు దాన్ని బాట చేసుకుని ఏళ్లయిందట.

కొంతదూరం నడిచాక లష్కర్ ఆగాడు. "సారును గూడ గిట్లనే తీస్కపోయిన్రు," అన్నాడు.

నేను కింద చూశాను. మట్టిపెళ్లల మీద గులాల్ ఎర్రగా అంటుకుని ఉంది. పాడె మీంచి చల్లిన బంతిపూలు కాలువ నడిమధ్యన ఊరి దాకా బారుగా పడి, వాడి రంగు మారి, పదకొండు రోజులైనా ఎక్కడివక్కడే ఉన్నాయి.