మేస్త్రిగారూ, నా కడుపుమంటా

ఆ రోజుల్లో మా కోనసీమ పెళ్ళిళ్ళలో టోపీలూ చేతితొడుగులూ వేసుకున్న కుర్రాళ్ళు వడ్డించేవారు కారు. వంట మేస్త్రిగారు ఏ ముహూర్తానికి ఎవరికి కబురు పెడితే ఆ పూటకి వాళ్ళే వడ్డనవాళ్ళు. పెళ్ళయిపోతే మళ్ళీ కబురొచ్చేదాకా ఖాళీ. డిగ్రీ గట్టెక్కక (ఒక్కటే పేపరు, అదీ ప్రతిసారీ) ఇంట్లో తిట్లు తింటున్న నేను తొంభైల్లో అమలాపురంలో అలాంటి మేస్త్రిగారి దగ్గర చేరాను. నా ఆశయం ఒక్కటే, మగపెళ్ళివారి బంతిలో వడ్డించడం. ఆ బంతి దక్కినవాడికి మాఘమాసమంతా పెళ్ళి పెళ్ళికీ కబుర్లే. దక్కనివాడు మంచినీళ్ళ జగ్గు పట్టుకుని తిరగాలి.

ఆ బంతిని అప్పటికే అల్లవరం నుంచి వచ్చే ఒకడు ఏలుతున్నాడు. నేతిగిన్నె వదలడు కాబట్టి అందరూ నేతిబాబు అనేవారు. వాడికి నోరు తప్ప పనితనం లేదని నాకు నేను రోజూ చెప్పుకునేవాణ్ణి. "బాబాయిగారూ, బూరెకి చిల్లెట్టలేదేంటండీ? నెయ్యి నా నెత్తిమీద పోసుకోమంటారా?" అనేవాడు. అంతదాకా ముడుచుకు కూర్చున్న పెద్దమనిషి నవ్వేసి, బొటనవేలితో బూరెకి చిల్లు పెట్టి "పొయ్యరా" అనేవాడు. చేతులు కడుక్కుంటూ కూడా "ఆ నెయ్యబ్బాయి ఏడండీ?" అని అడిగేవారు. అది విన్నప్పుడల్లా గాడిపొయ్యి మీద పులుసు కంటే నాలోపలే ఎక్కువ మరిగేది.

రాజోలులో ఒక పెళ్ళికి నేతిబాబు జ్వరమొచ్చి రాలేదు (నేను సంతోషించాను, దాచడం దేనికి). మేస్త్రిగారు గత్యంతరం లేక నేతిగిన్నె నా చేతికిచ్చారు. పెళ్ళికొడుకు మేనమామ ముందు ఆగి, వాడి మాటే అప్పజెప్పాను. "బాబాయిగారూ, బూరెకి చిల్లెట్టలేదేంటండీ?" ఆయన నవ్వలేదు. పక్కాయనతో కొబ్బరి ధర మాట్లాడుతున్నారు. నేతిబాబైతే ఏం చేసేవాడో తెలియదు గానీ, నేను వంగి నా బొటనవేలు ఆయన బూరెలో దింపేశాను. ఆయన బూరెను చూశారు, నా వేలిని చూశారు, విస్తరి మీంచి చెయ్యి తీసేశారు. ఆయన తీశారని పక్కాయన, పక్కాయన తీశారని ఆ పక్కావిడ, అలా చివరిదాకా బంతంతా చేతులు ఎత్తేసింది. "మాకు వేళ్ళెట్టిన కూడు పెడతారాండీ?" అని ఒకావిడ ఆడపెళ్ళివారిని నిలదీసింది. పెళ్ళికూతురి తండ్రి ఒక్కొక్కరినీ బతిమాలి, విస్తళ్ళన్నీ మార్పించి, మేస్త్రిగారి చేత వేడి బూరెలు వడ్డింపించాక గానీ చేతులు మళ్ళీ కిందికి దిగలేదు.

"నీకింక మంచినీళ్ళేరా అబ్బాయ్" అన్నారు మేస్త్రిగారు. విచిత్రంగా, నన్ను మానిపించలేదు. పైగా కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా "వాడెలా చేస్తున్నాడ్రా?" అని నన్నే అడిగేవారు. కొత్తపేట పెళ్ళిలో ఒకణ్ణి గురించి "తెగ కులుకుతున్నాడండీ, కనపడ్డవాళ్ళనల్లా వరసలు పెట్టి పిలుస్తున్నాడు" అన్నాను. తరువాతి ముహూర్తానికి వాడు మగపెళ్ళివారి బంతిలో ఉన్నాడు. ఇంకొకడు నాకు పోటీ కాడని తేల్చుకుని "మంచోడండీ, నెమ్మదస్తుడు" అన్నాను. వాడికి మళ్ళీ కబురు వెళ్ళలేదు. (నా మెచ్చుకోలు వల్ల అలా ఇంటికి పోయిన నెమ్మదస్తులు తలపుకొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.)

చివరికి గుట్టు విప్పినవాడు నేతిబాబే. "నువ్వెవడి మీద పళ్ళు నూరితే మేస్త్రిగారు వాడికే కబురెడతారు అన్నయ్యా. మాకందరికీ చెప్పేరు."

నేను మండిపడుతూ వెళ్ళి మేస్త్రిగారిని అడిగాను.

"ఆయ్, నిజమే" అన్నారాయన, పనసపొట్టులో ఆవ కలుపుతూ. "నీకు వడ్డన రాదు. మంచినీళ్ళు కూడా ఒలకబోస్తావు. కానీ నీ కడుపుమంట ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదురా."

"అయితే ఆ బంతి నాకెప్పటికీ రాదాండీ?"

"నిన్ను చూసి ఎవడైనా కుళ్ళుకోనీ, అప్పుడు చూద్దాం."

ఎవరూ కుళ్ళుకోలేదు. పదేళ్ళు పోయాక, మామిడికుదురులో ఒక పెళ్ళికి మగపెళ్ళివారి తరఫున వెళితే ఆ బంతిలో నాకు చోటు దొరికింది, తినడానికి. టోపీ పెట్టుకున్న కుర్రాడొకడు ఏదో అని మా పక్కాయనను పొట్ట పట్టుకునేలా నవ్వించాడు. నాలో పాత మంట భగ్గుమని లేచింది. వీడికి సీజనంతా కబుర్లే అనుకుని, నా బూరెకి నేనే చిల్లు పెట్టుకుని వాడి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.