స్వరూప చదివి వినిపించిన తీర్మానం

మా చిన్నప్పుడు మా ఊరి సర్పంచ్ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేసేది...

నిజమే! శామీర్‌పేట పక్కన మా చిన్న ఊళ్లో సర్పంచ్ సీటు మొదటిసారి ఆడవాళ్లకు వచ్చింది. గెలిచింది మా పక్కింటి లచ్చమ్మ పెద్దమ్మ. పంచాయతీ ఆఫీసు కుర్చీలో కూర్చునేది మాత్రం ఆమె మొగుడు పెద్దనాయిన. ఊరంతా ఆయన్నే ‘సర్పంచ్ సాబ్’ అనేది. పెద్దమ్మ కూడా!

వాళ్ల అమ్మాయి స్వరూప, నేను ఒకే క్లాసు. ఇప్పుడు తను పెద్ద నాయకురాలు. ఆమె మైకు పట్టుకుంటే ఎంత గోల చేసే జనమైనా ఊరుకుంటారు...

పంచాయతీ కాగితాలు రాసే కారోబార్ తీర్మానాల పుస్తకం ఇంటికే తెచ్చేవాడు. పెద్దమ్మ పిండి చెయ్యి తుడుచుకుని, ఇంకు ప్యాడ్‌లో బొటనవేలు అద్ది నిశాని వేసేది. అంతే, పని ఖతం... మేమిద్దరం పక్కనే కూర్చుని హోంవర్క్ చేసుకునేవాళ్లం. అది ఎన్నిసార్లు చూశామో!

ఎనిమిదో తరగతిలో ఒకరోజు పొద్దున... అదే పుస్తకం, అదే ఇంకు, పక్కన మేమిద్దరం. పెద్దమ్మ వేలు అద్దింది. స్వరూప చటుక్కున లేచింది.

"అమ్మా, జర ఆగు. ఏం రాసిండ్రో సదువుతా."

కారోబార్ నవ్వాడు. "గిదేమన్న బడి పుస్తకమా బిడ్డా? సర్పంచ్ సాబ్ ఒప్పుకున్నడు. నీకెందుకు?"

"సర్పంచ్ మా అమ్మ" అంది స్వరూప. గొంతు కూడా పెంచలేదు.

పుస్తకం ఒళ్లో పెట్టుకుని, టీచర్ నిలబెట్టి చదివించినట్టు, ఒక్కో మాటా విడగొట్టి చదివింది. నిన్న సర్పంచ్ లచ్చమ్మ అధ్యక్షతన గ్రామసభ జరిగిందట. బడి వెనక మైదానం బడికి అక్కర్లేదని అందరూ ఒప్పుకున్నారట. దాన్ని పక్కన ప్లాట్లు చేస్తున్నవాళ్లకు రోడ్డు కోసం ఇచ్చేస్తున్నారట!

మేం ఖోఖో ఆడేది అక్కడే. ఆడపిల్లలం పరుగెత్తడానికి ఊరు మొత్తంలో అదొక్కటే చోటు...

పెద్దమ్మ వేలు గాల్లోనే ఆగింది. "నిన్ననా? నిన్న పొద్దంతా నేను ద్రాక్షతోటల గుత్తులు కోసిన గదా. సభల ఎప్పుడు కూసున్న?"

పాపం కారోబార్... కావాలని దొంగరాత రాసినవాడూ కాదు. సభలో నలుగురు మగవాళ్లతో పెద్దనాయిన కూర్చున్నాడు కాబట్టి సర్పంచ్ కూర్చున్నట్టే అనుకున్నాడు. అసలు సర్పంచ్ ఎవరో ఊరే మర్చిపోయింది!

అంతలో పెద్దనాయిన వచ్చాడు. సంగతి తెలిసేసరికి ముఖం కందగడ్డలా అయింది.

"నిన్ను సదివిపిచ్చింది నా మీదికి తెచ్చెటందుకేనా? ఇగ బడి బంద్! రేపటి సంది తోటకు పో!"

స్వరూప పుస్తకం వదల్లేదు.

"బంద్ జేస్తే జెయ్యి నాయినా. అమ్మ రాని సభను అమ్మ పేరు మీద ఎట్ల రాస్తరు?"

పదమూడేళ్ల పిల్ల! బడి పోతుందని తెలిసీ అడిగింది.

పెద్దమ్మ వేలికున్న ఇంకు కొంగుకు తుడిచేసుకుంది. "ఐతారం నాడు మల్ల సభ వెట్టు. నేనొస్త, నా బిడ్డ సదువుతది" అంది కారోబార్‌తో. మొగుడి వైపు తిరిగి, "దాని బడి బంద్ జేసేదుంటే గా సభలనే సెప్పు, అందరు ఇంటరు" అంది.

ఆ ఆదివారం తోటల్లోంచి ఆడవాళ్లంతా వచ్చారు. పెద్దమ్మ కుర్చీ అంచున, ఎవరైనా లేపేస్తారేమో అన్నట్టు కూర్చుంది. స్వరూప చదివింది. చదవడం అయ్యాక మా వీధి షరీఫా ఖాలా లేచి, "మైదాన్ వద్దన్నోళ్లు జర లేవుండ్రి, మొఖాలు జూస్తం" అంది. ఒక్కరూ లేస్తే ఒట్టు! తీర్మానం కొట్టేశారు. పెద్దనాయిన గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. బడి మాట ఎత్తలేదు. సోమవారం స్వరూప నాతోపాటే బడికి వచ్చింది.

తర్వాత తనూ సర్పంచ్ అయింది, ఇంకా పైకి వెళ్లింది... అవన్నీ పేపర్లలో వచ్చేవే. ఇప్పుడు ఆ తోటలు లేవు, అన్నీ విల్లాలు. మైదానం మాత్రం ప్రహరీగోడల మధ్య అలాగే ఉంది. వేలిముద్ర వేసేవాళ్లూ లేరు, అందరం చదువుకున్నవాళ్లమే. సంతకం పెట్టేముందు ఆగి చదివేది ఎందరమో మరి...

మీ ఊళ్లోనూ ఇలాంటి పిల్ల ఉండే ఉంటుంది. ఎవరో చెప్పండి, వినాలని ఉంది. నేనైతే ఒకటి ఒప్పుకోవాలి... ఆ పొద్దున ఆ పుస్తకానికి స్వరూప కంటే నేనే దగ్గరగా కూర్చున్నాను. నాకూ చదవడం వచ్చు.