మాజీ కౌన్సిలరు మార్చిన వాషర్

కుళాయి మేస్త్రి రాజకీయాల్లోకి వచ్చింది చివరి వీధి కోసం. ఇరవయ్యేళ్ల కిందట వార్డంతా పైపు వేసి, ఆ వీధి మొదట్లోకి వచ్చేసరికి ఆపేశారు. ఇంటింటికీ స్పానర్ పట్టుకుని తిరిగిన మనిషి కాబట్టి అందరూ ఎరిగినవాడే. నిలబడ్డాడు, గెలిచాడు.

గెలిచాక ఒకటే నియమం పెట్టుకున్నాడు: ఎవరైనా వరసలో రావాల్సిందే. సొంత బావమరిది వచ్చినా "నీ వంతు రానీరా" అనేవాడు. ఐదేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగితే, చివరి వీధి పైపు మంజూరయ్యేనాటికి మళ్లీ ఎన్నికలొచ్చాయి. కౌన్సిలరు సంతకం ఇక గెలిచినవాడే పెట్టాలన్నారు.

ప్రచారంలో ఆయనకో జబ్బు. ఓటడుగుదామని ఇంట్లోకి వెళ్తాడా, లోపలెక్కడో టప్‌మని చుక్క పడుతుంది. అంతే, చొక్కా చేతులు మడిచేస్తాడు. కుళాయి బాగుపడేది, ఓటు సంగతి గుర్తుండేది కాదు.

"ఇవాళ ఎంతమందిని అడిగారేంటి?" అంది భార్య.

"పద్నాలుగు వాషర్లు మార్చానే!"

ఆవిడ తల పట్టుకుంది.

పదకొండు ఓట్ల తేడాతో బట్టల కొట్టాయన గెలిచాడు. మేస్త్రి ఇంటికొచ్చి కూలబడితే, పక్క వీధినుంచి చూడ్డానికొచ్చిన అత్తగారు మంచినీళ్లిచ్చి మెల్లగా అంది:

"నేనూ ఆయనకే వేశాను అల్లుడూ."

"అత్తయ్యా!"

"ఏం చెయ్యను? నువ్వు కౌన్సిలరువయ్యాక మా బాత్రూం కుళాయి కారుతూనే ఉంది. ఫోను చేస్తే మీటింగంటావు. ఈ ప్రచారం పుణ్యమా అని వారం రోజులు వీధంతా ఎంత హాయిగా ఉందో! మళ్లీ గెలిస్తే మళ్లీ మీటింగులేగా? పక్కింటివాళ్లూ అదే అనుకున్నారు."

"మరి చివరి వీధి?"

ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే బట్టల కొట్టాయన ఇంటినుంచి కబురొచ్చింది, వంటింటి కుళాయి కారుతోందని. మేస్త్రి వెళ్లి పని మొదలుపెట్టాడో లేదో, బాత్రూంలోంచి కేక:

"ఎవరయ్యా నీళ్లు ఆపేసింది?"

"నేనేనండీ, కౌన్సిలరుగారూ. వాషర్ మార్చాలంటే మెయిన్ వాల్వ్ కట్టెయ్యాలిగా."

"ఒంటినిండా సబ్బుంది, కళ్లు మండిపోతున్నాయి! ఎంతసేపు?"

"అయిపోతుంది లెండి. ఈలోగా ఆ చివరి వీధి ఫైలు..."

"ముందు నీళ్లు వదులు మేస్త్రీ!"

"వాళ్లూ అదే అంటున్నారండీ, ఇరవయ్యేళ్లుగా."

వాషర్ మార్చడం ఆయనకు రెండు నిమిషాల పని. ఆ రోజు మాత్రం జేబులో వాషర్ వెతుక్కోవడానికే చాలాసేపు పట్టింది.

"రేపు పొద్దున్నే సంతకం పెడతానయ్యా బాబూ!" అని లోపలినుంచి వినబడగానే దొరికింది.

అన్నట్టే సంతకం పడింది. రెండు నెలల్లో చివరి వీధికి పైపొచ్చింది. ఇప్పుడు మేస్త్రి అక్కడ ఇంటింటికీ కుళాయిలు బిగిస్తున్నాడు.

అత్తగారు రోజూ ఫోను చేస్తూనే ఉంది. ఆవిడ వంతు ఇంకా రాలేదు.