నెలలు నిండిన మొక్కలు

టైలరమ్మ పెరట్లో అడవిపూల గింజలు చల్లితే మట్టి కప్పదు; చల్లారిన ఇస్త్రీపెట్టెతో నేలకు అదిమి వదిలేస్తుంది. పూలున్నన్నాళ్లూ ఆమె కుట్టుమిషను తేనెటీగల రొదతో పోటీ పడాల్సిందే. ఏటా ఎండిపోయి, రాలిన గింజతోనే మళ్లీ మొలిచే మొక్కలవి. ఆ రోజు ఆమె కుట్టిన బట్టలు ఇచ్చి వచ్చేసరికి, ఎండిన మొక్కలన్నీ పీకి కోడలు చెత్తబుట్టలో కుక్కేసింది.

"చచ్చిన మొక్కలే కదా అత్తయ్యా, చూడ్డానికి పాడుబడ్డ కొంపలా ఉంటేనూ..."

"చావడమేంటే పిచ్చిదానా, వాటికి నెలలు నిండాయి!" టైలరమ్మ నవ్వుతూనే బుట్టను పెరట్లో బోర్లించి, ఒక్కో మొక్కనూ గుడ్డ దులిపినట్టు దులిపింది. నల్లటి గింజలు జలజలా రాలాయి. వెంటనే రెండు పిచ్చుకలు దిగాయి. కోడలు అదిలించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"తిననీవే, వాటి వాటా వాటిది. నువ్వెళ్లి ఇస్త్రీపెట్టె పట్రా. వేడి చేసి తెచ్చేవు సుమా!"