మేనత్తకు అందని మైకు

ఆ రోజుల్లో మా పల్నాడులో మైకు చేతికొస్తే ముందు దాన్ని కొట్టేవాళ్ళు, ఆ తర్వాతే మాట్లాడేవాళ్ళు. ఇప్పటివాళ్ళకు నవ్వొస్తుందేమో గానీ, కొట్టకుండా మాట్లాడినవాణ్ణి పెద్దమనుషుల లెక్కలోకి తీసుకునేవాళ్ళే కాదు. ఎనభైల్లో డిగ్రీ తప్పి (ఫిజిక్సే తప్పాను, ఆ ముచ్చట మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తుంది) నరసరావుపేటలో మా బాబాయి మైకుసెట్టు కొట్లో పనికి కుదిరాను. నాకు రాని ఫిజిక్సును బాబాయి నిలబెట్టి చెప్పేశాడు. "ఒరేయ్, ఈ మైకులో పల్చటి పింగాణీ బిళ్ళ ఉంటది. మాట తగిలి అది అదిరితే కరెంటు పుట్టుద్ది. దాన్ని ఎవర్నీ కొట్టనియ్యమాక. ఇత్తడైతే సొట్టపడి ఊరుకుంటది. పింగాణీకి సొట్టల్లేవు. సన్న బీట పడిందంటే అది పాకుద్ది, ఓ పూట పుటుక్కుమంటది."

ఆ యేడే బెల్లంకొండ దగ్గర ఊళ్ళో మా మేనత్త భర్త, మామయ్య, పోయాడు. ఊరికి పెద్ద. సంతాప సభకు మైకు మాదే. నేను వైర్లు లాగుతుంటే మేనత్త (పదిమందిలో గొంతెత్తి ఎరగని మనిషి) పక్కకు పిలిచింది. "ఒరేయ్ అబ్బాయ్, ఆయన గురించి నేను గూడా నాలుగు మాటలు చెప్పాలిరా. ఈ ఒక్కరోజే. ఆఖర్న నాకు మైకు ఇప్పిస్తావా?" ఇప్పిస్తానని మాటిచ్చాను.

మొదటి పెద్దాయన లేచి ఉంగరం వేలితో టకటకా కొట్టాడు. "పెదనాన్నా, కొట్టమాకండి, లోపల బిళ్ళ పగులుద్ది" అన్నాను. "ఏందిరా, మైకేమన్నా మీ కొత్తల్లుడా, చెయ్యి తగిలితే అలగటానికి?" అన్నాడాయన. సంతాపం సంగతి మరిచి సభంతా నవ్వింది. ఆ తర్వాత ఒకాయన అరచేత్తో, ఇంకొకాయన చేతికర్రతో. ఒక్కో దెబ్బకూ మైకులో గొంతు ముక్కులోంచి వస్తున్నట్టు మారిపోతుంటే మేనత్తకిచ్చిన మాట గుర్తొచ్చింది. వంగి వంగి దణ్ణాలు పెట్టాను (మైకుసెట్టువాడి దణ్ణం ఎవరిక్కావాలి?). చివరాయన, మామయ్య ఇంట్లో ఆడవాళ్ళను ఎంత బాగా చూసుకునేవాడో చెప్పాడు. జనంలో ఉలుకూ పలుకూ లేకపోయేసరికి మైకు చచ్చిందనుకుని గట్టిగా మోదాడు. అప్పుడు నిజంగానే చచ్చింది.

అందరూ పంచెలు దులుపుకుని భోజనాలకు లేచారు. మేనత్త అప్పటికే వచ్చి మైకు ముందు నిలబడి ఉంది. "అత్తా, పోయింది" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ. ఆమె కొంగుతో దాన్ని తుడిచి, "పోనీలేరా. బతికుండగా నా మాట ఆయనకే వినపళ్ళేదు" అంది. అని, ఆ చచ్చిన మైకులోకే వంగి మెల్లగా, "ఏమయ్యా, ఇన్నేళ్ళలో అన్నం తిన్నావా అని ఒక్కసారన్నా నన్ను అడగలేదే" అంది. మైకు పనిచేసి ఉంటే అదే అనేదో, అందరిలాగే పొగిడేదో నాకు తెలియదు. విన్నది మాత్రం నేనొక్కణ్ణే.

ఇప్పటి మైకుల్లో ఆ బిళ్ళల్లేవు, ఎంత కొట్టినా ఏమీ కాదట. అయినా ఏ సన్మాన సభలోనో నాలుగు ముక్కలు చెప్పమని మైకిస్తే నా చెయ్యి వెనక్కే పోతుంది. అలాంటి సభకు బయలుదేరేముందు మా ఆవిణ్ణి "అన్నం తిన్నావా?" అని అడుగుతాను. ఆమె తలైనా ఎత్తకుండా, "ఏంది, ఇయ్యాల మళ్ళీ మైకుందా?" అంటుంది.